వియన్నా ట్రైను తప్పిన రోజు

నాయనా,

నిన్ను అడగమని అమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. మనింట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కనుక, రాశాక నేనే చదివి వినిపిస్తాను.

విదేశీ ట్రైను ప్రయాణాల ఏర్పాట్లు చూసే మా ఆఫీసు, వచ్చే నెల ఒక యాత్రికుల గుంపు వెంట నన్ను యూరప్‌కు పంపుతానంటోంది. నీ సంవత్సరీకం అప్పుడే పడుతుంది. పోవాలా వద్దా అని అమ్మను అడిగితే, అనపకాయలు వొలుస్తూ, అలవాటు కొద్దీ "నన్నేం అడుగుతావు, మీ నాయన్నడుగు పో" అంది. తర్వాత ఆమె చేతులు ఆగిపోయాయి.

ఈరోజు, మా ఆఫీసు ద్వారా యూరప్ వెళ్లిన చిక్కపేట బజారు చీరల కొట్టు పద్మక్క, ఆమె భర్త జర్మనీలో ఇరుక్కుపోయారు. పారిస్ నుంచి వాళ్లొచ్చిన ట్రైను ఆలస్యమై, వియన్నాకు మారాల్సిన ట్రైను వెళ్లిపోయింది.

"ఈయన ఏదో ఒకటి ఎక్కేద్దాం రా అంటుండాడు. అది ఏ ఊరికి పోతాదో ఏమో! నువ్వే చెప్పమ్మా" అని ఫోన్లో ఏడ్చింది.

"ఏదీ ఎక్కొద్దక్కా. ఉన్నచోటే నిల్చోండి, నేను చూస్తా" అన్నాను. ఆలస్యమైనట్టు కౌంటర్లో ముద్ర వేయించుకుంటే తర్వాతి ట్రైనుకు అదే టికెట్టు చెల్లుతుందని చెప్పాను. ఎక్కాక ఫోటో పంపారు.

ఉన్నచోటే నిల్చోమన్న మాట నీదని ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది. చిక్కపేటలో బట్టల మూటలు మోస్తూ, చిన్నప్పుడు వెంట వచ్చిన నాతో "తప్పిపోతే యాడికీ పోవద్దు తల్లీ. ఉన్నచోటే నిల్చో, నేనొస్తా" అనేవాడివి. ప్రతిసారీ వచ్చావు.

ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఇంకో ఫోను మోగితే ఎత్తాను.

శుక్రవారం ఆఫీసుకు జవాబివ్వాలి. ఆలోపు నువ్వేదో ఒకటి చెప్పు. అందాకా నేను ఉన్నచోటే నిల్చుంటాను.