రెండు చోట్లా ఒకటే పేరు

మానుకోట, సెప్టెంబరు 2011. సమ్మె శిబిరం నుంచి వచ్చాక.

అసహ్యంగా ఉంది. అన్నం సహించలేదు.

సమ్మెలోనూ రోగుల కాగితాలు ఆపకూడదని దవాఖాన ఉద్యోగులం మేమే తీర్మానించుకున్నాం. ఇవాళ తండా నుంచి వచ్చిన ఒక అవ్వను వరంగల్‌కు పంపాల్సి వచ్చింది. ఆమె రిపోర్టు జనగామ సర్వర్‌లో ఉంది. ఇక్కడి నుంచే అందులోకి వెళ్లే రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే, ఇప్పటికే ఇద్దరున్నారు, మూడో మనిషికి చోటు లేదంటుంది. నాలుగుసార్లూ అదే మాట. చివరికి కన్సోల్ దారిలో, అంటే సర్వర్ ముందు కూర్చున్నట్టే పనిచేసే దారిలో, లోపలికి వెళ్లాను. రెండు చోట్లా ఒకటే పేరు: మా సమ్మె కమిటీ నాయకుడు రమేశన్న! నిన్న లాగాఫ్ చేయకుండానే కిటికీ మూసేశాడు. ఇవాళ మళ్లీ ఇంటి నుంచి దూరి, సమ్మె రోజుల జీతం పోకుండా తన హాజరు వేసుకుంటున్నాడు. హాజరు పట్టీలో మా అందరి గడులూ ఖాళీ.

రెండింటినీ తెంపేసి, అవ్వ రిపోర్టు తీసి ఇచ్చాను. వెంటనే రమేశన్న ఫోను.

"ఎవడ్రా నన్ను బయటికి నూకింది?"

"నేనే అన్నా. గీడ అవ్వ పానం పోతాంటే, నువ్వు హాజరేస్కుంటున్నవా?"

"జర మెల్లగ మాట్లాడు తమ్మీ. నీది గూడ ఏస్త తియ్యి."

ద్రోహి బయటి నుంచే వస్తాడని కరపత్రాల్లో చదివి నమ్మాను. కోపంతో ఫోను పెట్టేశాను. నా హాజరు వెయ్యొద్దు అనే మాట మాత్రం నా నోట రాలేదు.