కరీం ఇంటి గడపల అవ్వ

అన్నా,

మతం పేరు చెప్పి తుపాకులోళ్లు నిన్ను కాల్చి ఇయ్యాలటికి ఏడాది. పొద్దుగాలనే రాయపోల్ దిక్కు నుంచి కొందరు కట్టెలు, కిరసనాయిలు పట్టుకొని మనూరికి వచ్చిన్రు. దర్జీ కరీం ఇల్లు కాలవెడ్తమన్నరు.

"నీ కొడుకు పగ తీర్చనీకె వచ్చినం, అవ్వా" అని మనల కన్న అవ్వతోని అన్నరు.

అవ్వ పోయి కరీం గడపల కూసున్నది. "నా కొడుకును సంపినోడు వీడు కాదు. పీనుగను ఇంటిదాక మోసుకొచ్చినోడు వీడు. నా కొడుకు పేరు మీద ఎవ్వలిల్లూ కాలనియ్య" అన్నది. నేను పోయి పక్కన కూసున్న. పక్కింటి ఎల్లవ్వ వచ్చింది, ఆమె ఎనక వాడోళ్లంత వచ్చిన్రు. కట్టెలోళ్లు మర్లి పోయిన్రు.

పక్కూర్ల ఇండ్లు కాలినయ్, అన్నా. గా ఊర్లోళ్లు మనకంటె చెడ్డోళ్లేం కాదు. ముందుగాల పోయి కూసునేటోళ్లు లేకుండె, గంతే. రేపు మళ్లొచ్చినా మేం కూసుంటం.