గోడలు తప్ప అందరం క్షేమం

తార్నాక,
ఆగస్టు 17, సోమవారం.

ప్రియమైన అమ్మకు,

నీ కొడుకు దిలీప్ వ్రాయు నమస్కారములు. ఇక్కడ గోడలు తప్ప అందరం క్షేమం. గురుకులంలో నువ్వూ, నీ ఎనిమిదో తరగతి పిల్లలూ క్షేమమని తలుస్తాను. లేఖారచన పాఠానికి నమూనా కావాలి, ఫోన్ చేయకుండా ఉత్తరం రాయమన్నావు. రాస్తున్నాను. కానీ పూర్తిగా చదవకుండా దీన్ని తరగతిలోకి తీసుకెళ్లకు.

తింటున్నారా అని అడిగావు. తింటున్నాం. అప్పడాలు నమిలే శ్రమ కూడా లేదు, పళ్లెంలోకి వచ్చేలోపే మెత్తబడుతున్నాయి.

ఇంట్లో చెమ్మ తగ్గిందా అని కూడా అడిగావు. జవాబు చెప్పేముందు మన ఇంటి వాయుదేవుణ్ని స్తుతించాలి. నాన్న క్యాంపస్ ఆడిటోరియంలో ఎవరిదో గంట ఉపన్యాసానికి వెళ్లి, నలభై నిమిషాలు నిద్రపోయి, మిగతా ఇరవై నిమిషాల జ్ఞానంతో కొన్న గాలి మిషన్ అది. కిటికీలన్నీ మూసేస్తే, బయటి గాలిని పడకగదుల్లోకి తోస్తుంది. వంటింట్లో, బాత్రూంలో పుట్టే ఆవిరిని పైనున్న జాలీల గుండా బయటికి లాగేస్తుంది. వానలు మొదలవగానే నాన్న దాన్ని ఫుల్లులో పెట్టాడు. బయట ముసురు. ఆ ముసురునే గొట్టంతో పట్టుకొచ్చి మన మంచాల మీద పోస్తున్నాడన్నమాట. అరవై దాటకూడని తేమ మీటరు ఎనభై రెండు చూపించింది.

"వానాకాలం తక్కువ స్పీడు చాలు నాన్నా, ఏసీని డ్రై మోడ్‌లో పెడదాం" అన్నాను.

"నువ్వు ఎంటెక్ చదువుతున్నవు. నేను ఇల్లు నడుపుతున్న" అన్నాడు.

యూనివర్సిటీ ఆఫీసులో ఇరవై ఏళ్లు ఫైళ్లు కదలకుండా కాపాడిన మనిషి, గాలిని కదిలించే విషయంలో ఎవరి మాటా వినడు.

ఇక అవ్వ మల్కాజ్‌గిరికి ఎందుకు వెళ్లిందన్న ప్రశ్న. అవ్వ మంచం వెనక గోడ నల్లగా బూజు పట్టింది. నాన్న విచారణ కమిషన్ వేశాడు. అధ్యక్షుడూ ఆయనే, సభ్యుడూ ఆయనే.

"అమ్మా, నువ్వు తడి చీరలు గదిల ఆరేసుడు బట్టే గోడ ఖరాబైంది."

"నలభై ఏండ్ల సంది ఆరేస్తున్న. ఏ గోడా ఏడ్వలే" అంది అవ్వ. మర్నాడు సంచి సర్దుకుని చిన్నాయన ఇంటికి వెళ్లిపోయింది.

నాలుగు రోజుల్లో మీటరు యాభై ఎనిమిదికి దిగింది. నాన్న దాన్ని హారతిపళ్లెంలా పట్టుకుని ఇల్లంతా తిప్పాడు. "సూసినవా? ముసలామె పోంగనే ఇల్లు ఎండింది!"

అమ్మా, ఇక్కడ ఆగి కాసిని మంచినీళ్లు తాగు.

జూన్‌లో వైవాకు చదువుకుంటుంటే బాత్రూం జాలీ ఈల వేస్తోందని, దానికి ప్లాస్టిక్ కవరు కప్పి టేపు అంటించాను. మరిచిపోయాను. మన వేడినీళ్ల ఆవిరంతా రెండు నెలలు పక్కనున్న అవ్వ గదిలోకే వెళ్లింది. గాలి ప్రవాహాల మీద ఎంటెక్ చేస్తున్న మహానుభావుణ్ని మరి! అవ్వ వెళ్లిన సాయంత్రం బాత్రూంలో తలెత్తి చూశాను. చప్పుడు కాకుండా కవరు పీకేశాను, మిషన్ స్పీడు తగ్గించాను, ముసురూ వెలిసింది. ఇల్లు అందుకు ఎండింది. నాన్న హారతి తిప్పుతుంటే మాత్రం కవరు సంగతి దాచేశాను. ఇంతసేపూ నాన్నను వెక్కిరించానే, ఆయన కనీసం తనకు తెలిసిందే చెప్పాడు.

నిన్న మల్కాజ్‌గిరి వెళ్లి అవ్వకు చెప్పేశాను. నవ్వింది.

"నాకెరుకే బిడ్డా. తానం జేస్తుంటే నెత్తి మీద కవరు కనబడదా?"

"మరి చెప్పకపోతివేందే అవ్వా!"

"పరీక్షలకు సప్పుడైతదని పెట్టుకున్నవనుకున్న. మీ నాయిన నన్నంటే నేను పడ్త. నిన్నంటే నువ్వు పడవు."

"పా అవ్వా, ఇంటికి పోదాం."

"మీ నాయిన వచ్చి పిలవాలె. నువ్వు పిలిస్తే నేనెందుకొస్త?"

కాబట్టి నాన్నకు చెప్పక తప్పదు. నా ధైర్యం నీకు తెలుసు, అందుకే ముందు నీకు రాశాను. డబ్బాలో పడ్డాక ఉత్తరాన్ని వెనక్కి లాక్కోలేను కదా. ఇది పోస్టు చేసి, అటు నుంచి అటే క్యాంపస్‌లో నాన్న ఆఫీసుకు వెళ్తున్నాను.

ఇంట్లో జిగురు దొరకలేదు. ఈ ఉత్తరం కవరు మూతకు అంటించింది జాలీ నుంచి పీకిన ఆ టేపే. నల్లమచ్చలు చూసి కంగారుపడకు, అవి నావే.

ఇట్లు,
అవ్వ ఇంకా బిడ్డా అనే పిలుస్తున్న
నీ కొడుకు,
దిలీప్