నల్ల టీ బిళ్ళలూ, అయిదు తూకపు రాళ్ళూ

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. క్షేమమంటే మీ అక్క మోకాళ్ళూ, నా నడుమూ తప్ప మిగతావన్నీ క్షేమమని అర్థం చేసుకో. నువ్వూ, నీ ఓడా, ఆ ఓడలో నీ వంటగదీ చల్లగా ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు లేదని అలిగి ఉంటావు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. నువ్వు ఏ రోజు ఏ రేవులో ఉంటావో ఆ సముద్రానికే తెలియాలి. పైగా ఫోనంటే మీ అక్క పక్కనే ఉంటుంది. ఇవాళ ఆదివారం, కొట్టుకు సెలవు. షట్టరు సగం దించుకుని, బల్ల మీద మరమ్మతుకు విప్పి పడేసిన కాటా సామాను పక్కకు తోసి కూర్చున్నాను. మీ అక్క పైన ఉంది. అలసిపోయాను బావమరిదీ. ఎందుకో చెబుతాను, తొందరపడకుండా చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. టీ బిళ్ళలు రెండూ విరక్కుండా చేరాయి. మీ అక్క కాగితం విప్పి, "ఏమండీ, వీడు పిడకలు పంపాడేంటి?" అంది. వాసన చూసి, వానకు తడిసిన చెక్కపెట్టె అని తీర్పు చెప్పింది. అది చైనా టీ అనీ, ఆకును పులియబెట్టి, అదిమి, ఏళ్ళ తరబడి దాచి ఉంచుతారనీ నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఏళ్ళ తరబడి ఎవరూ తాగలేదంటేనే తెలియడంలా?" అంది. మీ అక్క నోరు నీకు తెలియంది కాదు.

ఆ బిళ్ళను విరగ్గొట్టడం పెద్ద పనే అయింది. వంటింటి కత్తి మొన వంగిపోయింది. చివరికి కొట్లోంచి సన్నమూతి స్క్రూడ్రైవరు తెచ్చి పొరలు పొరలుగా లేపాను. అప్పట్నుంచి రోజూ పొద్దున అదే నా మొదటి పని. మొదటి నీళ్ళు పారబోస్తున్నారా అని అడిగావు. పారబోస్తున్నాం. రెండో నీళ్ళలో నానబెట్టి, పంచదార లేకుండా, భోజనమయ్యాక ఒక కప్పు. మొదట్లో మీ అక్క ముక్కు మూసుకుని మింగింది. ఇప్పుడు ఆలస్యమైతే నన్నే కేకేస్తోంది. భోజనం తర్వాత కడుపు బరువుగా ఉండటం లేదంటోంది. అది నిజమే, నేను కూడా తాగి చూశాను.

బిళ్ళతో వచ్చిన కాగితం సంగతి అడిగావు. కొవ్వు కరుగుతుంది, నెత్తురు శుభ్రపడుతుంది, అరుగుదల బాగుంటుంది, వయసు దరికి రాదు. అది చదివితే ఇంక ఈ టీ తాగేవాడికి చావు కూడా ముందుగా కబురు పెట్టి రావాలేమో అనిపించింది. కాగితం తీసుకెళ్ళి ఎముకల డాక్టరుకు చూపించాను. ఆయన నవ్వి, "తాగనివ్వండి. పంచదార వేసిన టీ మానేసి ఇది తాగితే మంచిదే. కొందరికి కాస్త మేలు చేస్తుందంటారు. అంతేగానీ మంత్రం కాదు. ఐరన్ మాత్ర వేసుకున్నాక రెండు గంటలు దీని జోలికి పోవద్దు. సాయంత్రం దాటాక అసలొద్దు, నిద్ర చెడుతుంది," అన్నాడు. ఆయన చెప్పింది మళ్ళీ మామూలే. పది కిలోలు తగ్గితేనే మోకాళ్ళ ఆపరేషను. ఈలోగా కత్తి పట్టనని ఖరాకండిగా చెప్పాడు.

ఇక అక్క ఎంత తగ్గిందన్న నీ ప్రశ్న. ఎనిమిది కిలోలని పోయినసారి నేనే రాశాను. నువ్వు ఓడంతా చాటింపు వేశావనీ, ఏడుగురు తమ ఇళ్ళకు అవే బిళ్ళలు పంపారనీ రాశావు. ఆ ముక్క చదివి నాకు అన్నం సయించలేదు. ఎందుకో చెప్పే ముందు కొట్లో జరిగిన సంగతొకటి చెప్పాలి.

పాత ఇనుము కొనే వ్యాపారి ఒకడు కాటా తెచ్చాడు. పాడైందా అంటే కాదన్నాడు. గొంతు తగ్గించి, "వందకి ఆరేడు కిలోలు తక్కువ చూపించాలి మేస్త్రీ. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ముల్లు సున్నా మీదే ఉండాలి. జనం చూసేది సున్నానేగా," అన్నాడు. ఇలాంటివాళ్ళను నా జీవితంలో ఎంతమందిని తరిమానో నీకు తెలుసు. కాటా ముందు పెట్టగానే 'ముందు సున్నా చూపించు' అంటానని నాకు సున్నా బావ అని పేరు పెట్టింది నువ్వేగా. వాడి తాతముత్తాతలందరినీ పేరుపేరునా తలుచుకుని పంపాల్సింది. కానీ "నాకు చేతకాదు, పో," అని మాత్రం అన్నాను. వాడు కాటా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అది నాకు ఎంత బాగా చేతనవునో నాకు తెలుసు.

ఇప్పుడు చెబుతాను, తిట్టాలనుకుంటే తిట్టు. మీ అక్క కోసం పైన గదిలో పెట్టిన కాటా లోపలి మర నేనే తిప్పాను. నీ టీ బిళ్ళ లేపే ఆ స్క్రూడ్రైవరుతోనే.

ఎలా జరిగిందో విను. టీ మొదలుపెట్టిన రోజున మీ అక్క తొంభై నాలుగు. ప్రతి ఆదివారం పొద్దున తూకం. రెండు వారాలు ముల్లు కదల్లేదు. మూడో వారం అరకిలో పెరిగింది. మీ అక్క కాటా దిగి కుర్చీలో కూలబడి, "నాకు ఆపరేషనూ వద్దు, ఏదీ వద్దు. ఈ కుర్చీలోనే పోతాను," అంది. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పిన మనిషి. మీ అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని బడికి వెళ్ళిన మనిషి. ఆ మోకాళ్ళ అరుగుదలలో నీ వాటా కూడా ఉందని నేను వేళాకోళం ఆడుతుంటానే, ఆ రోజు ఆ మాట కూడా రాలేదు. మీ అక్క స్నానానికి వెళ్ళింది. నేను కాటా అడుగు పలక విప్పాను.

తర్వాతి ఆదివారం కిలో తగ్గింది. ఎన్నాళ్ళకో నవ్వింది. పంచదార డబ్బా కిందికి పంపేసింది. కర్ర పట్టుకుని వరండా ఆ చివరి దాకా నడవడం మొదలుపెట్టింది, మొదట రెండుసార్లు, తర్వాత పదిసార్లు. ఒక్కసారేలే అనుకున్నవాణ్ణి వారం వారం తిప్పుతూ పోయాను. ఆ నవ్వు చూసి ఆగలేకపోయాను, నిజం. చివరికి ముల్లు ఎనభై నాలుగు దగ్గరికి వచ్చింది. మీ అక్క తనే ఆసుపత్రికి ఫోన్ చేసి, "పది తగ్గానండీ," అని గర్వంగా చెప్పి తేదీ తీసుకుంది.

అక్కడ ఎలాగూ తూస్తారు కదా, అప్పుడేం చేస్తావని అడుగు. ఆ ఆసుపత్రి కాటా మరమ్మతు చేసేది నేనే. తేదీకి వారం ముందు మామూలుగా పిలుపొచ్చింది. వెళ్ళి, పలక విప్పి, లోపలి మర మీద స్క్రూడ్రైవరు ఆనించి కూర్చున్నాను. ఒక్క తిప్పు చాలు. ఇంతలో నర్సమ్మ వచ్చి, "మేస్త్రీ గారూ, జాగ్రత్తగా చూడండి. మత్తుమందు డాక్టరు గారు ఈ ముల్లు చూసే మందు లెక్కేస్తారు," అని తన పని మీద తను వెళ్ళిపోయింది. స్క్రూడ్రైవరు వెనక్కి తీశాను. ఎవరికి ఎంత మందు పోబోయేదో, మీ అక్కకు ఎంత పోబోయేదో ఒక్కసారిగా కళ్ళ ముందు కనబడింది. మర ముట్టుకోకుండా పలక బిగించి, ఇంటికొచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

పైకి వెళ్ళేసరికి మీ అక్క టీ తాగుతోంది.

"నీకో మాట చెప్పాలి," అన్నాను.

"ఆపరేషనంటే భయమా? నాకే లేదు, మీకెందుకండీ?"

"అది కాదు. ఈ కాటా అబద్ధం చెబుతోంది."

"పాడైందా?"

"పాడవలేదు. నేనే తిప్పాను."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. కప్పు కింద పెట్టి, "ఎంత?" అంది. ఆరు కిలోల దాకా అన్నాను. "ఎప్పట్నుంచి?" అంది. కుర్చీలో ఏడ్చిన రోజు నుంచి అన్నాను. కప్పును చేత్తో అవతలికి తోసింది. తర్వాత, "సున్నా వచ్చిన పిల్లాడు ఎంత ఏడ్చినా నేను ఏనాడూ పది వేయలేదు. మళ్ళీ చెప్పి, మళ్ళీ రాయించాను. నేను మీకు ఆ పిల్లాడి పాటి కూడా కానా?" అంది.

ఆమె ఎదుటే మర సరిచేశాను. ఎక్కింది. తొంభై. దిగి నా మొహంలోకి చూసి, "ఈ తొంభై మాత్రం మీరు పెట్టింది కాదని నమ్మకమేంటి?" అని అడిగింది. నలభై ఏళ్ళుగా ఊరంతా నా ముల్లును నమ్మింది బావమరిదీ. నా ఇంట్లో మాత్రం అది చెల్లలేదు.

"రాళ్ళు తెండి," అంది. కొట్లో ముద్ర వేసిన తూకపు రాళ్ళున్నాయి కదా, ఒక్కోటి ఇరవై కిలోల ఇనుప దిమ్మె. తూచబోయే బరువు దాటేదాకా రాళ్ళు పెట్టి చూస్తేగానీ కాటాను నమ్మకూడదని ఎప్పుడో నేనే ఆమెకు చెప్పాను. అయిదు రాళ్ళు, పద్దెనిమిది మెట్లు, అయిదుసార్లు. ఒక్కో రాయి పెడుతుంటే ముల్లు ఇరవై, నలభై, అరవై, ఎనభై, వంద చూపించింది. అప్పుడు మళ్ళీ ఎక్కింది. తొంభై. "అయితే నాలుగు కిలోలు నిజంగా తగ్గాను," అని మొహం తిప్పేసుకుంది. నేను చేసిన నష్టం అప్పుడు తెలిసింది. పంచదార మాని, వరండాలో నడిచి, పళ్ళు బిగించి సాధించుకున్న నాలుగు కిలోలు. నా అబద్ధపు పది వాటిని మింగేసింది. సంతోషపడాల్సిన మనిషి నాలుగేనా అనుకోవాల్సి వచ్చింది.

మర్నాడు తనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. "పది కాదండీ, నాలుగు. మా కాటా తప్పు," అంది. మా ఆయన తప్పు అనలేదు. మిగతా ఆరు తగ్గాక రమ్మన్నారు. నాతో మాత్రం అవసరమైనంతే మాట్లాడుతోంది. ప్రతి ఆదివారం అయిదు రాళ్ళూ పైకి మోయాలి, ఆమె తూగాక కిందికి దించాలి. అది నాకు పడ్డ శిక్ష. నీ టీ వల్ల నేను మూడు కిలోలు తగ్గాననుకో.

నీ స్నేహితులు ఏడుగురికీ ఈ ఉత్తరంలో అవసరమైన ముక్క చదివి వినిపించు. ఎనిమిది అబద్ధమని, మా బావ దొంగతూకమని చెప్పు, నామోషీ పడకు. టీ తాగితే తాగమను, చెడు చేయలేదు. మంచి ఎంత చేసిందో, పంచదార మానడం ఎంత చేసిందో, నడక ఎంత చేసిందో విడదీసి తూచడం నాకు చేతకాదు. ఎవరింట్లోనైనా మందులు మానేసి దీన్నే నమ్ముకుంటే మాత్రం వెంటనే ఆపమను. మా ఇంటికి మాత్రం ఇంకో బిళ్ళ పంపు. మీ అక్కే అడిగింది.

ఇవాళ్టి సంగతి చెప్పి ముగిస్తాను. ఇది మూడో ఆదివారం. నాలుగు రాళ్ళు పైకి చేర్చాను. అయిదోది తెస్తూ పదో మెట్టు దగ్గర ఆగిపోయాను. ఊపిరి అందలేదు. తలెత్తి చూస్తే పైన మీ అక్క. కర్ర గోడకు ఆనించి, కమ్మీ పట్టుకుని, నా వైపు రెండు మెట్లు దిగి నిలబడి ఉంది. నెలల తరబడి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒక్క మెట్టు దిగని మనిషి.

"దిగకు, పడతావు," అన్నాను.

"పడేది మీరు. దాన్ని అక్కడే దింపండి."

"నాలుగు పెడితే ఎనభైయే. నువ్వు ఎనభై దాటి ఉన్నావు. ఇది కూడా పెట్టందే రుజువు కాదు."

"ఎనభై దాకా రాళ్ళు చెప్పాయిగా. ఆ పైన మీ మాట చాల్లెండి," అంది.

దింపాను. పైకి వెళ్ళాక కాటా ఎక్కింది. ముల్లు వైపు చూడలేదు, గోడ వైపు చూస్తూ, "ఎంత?" అని నన్నే అడిగింది. ఎనభై ఎనిమిదిన్నర అని చెప్పాను. సరేనని దిగింది.

రాయి ఇంకా పదో మెట్టు మీదే ఉంది. దాన్ని ఇవాళ తీయబుద్ధి కావడం లేదు. పైనుంచి టీ అయిందని పిలుస్తోంది, రెండు కప్పుల చప్పుడు వినబడింది. వెళ్తాను.

ఇట్లు,
మీ అక్క మొగుడు,
నీ సున్నా బావ