కింద పెట్టిన కాఫీ

వాదీ మూసా,
మంగళవారం సాయంత్రం

అమ్మా,

ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. బడి టీచర్లతో కలిసి జోర్డాన్‌లో పెట్రా చూడ్డానికి వెళ్తున్నానని చెప్పానుగా. టీచర్లెవరూ లేరు. వీపు మీద సంచీ, అందులో రొట్టెలోకి నువ్వు దంచిచ్చిన దుక్కా పొడి, నేను, అంతే. నువేబా రేవులో ఓడెక్కి ఒక్కదాన్నే వచ్చాను. తిట్టడం అయ్యాక మిగతాది చదువు.

నేనొచ్చింది రాళ్ళు చూడ్డానికి కాదు, నాన్న కోసం. పోయిన పండక్కి షెహాతా మేస్త్రీ మనింటికి పెళ్ళి కబురు పంపినప్పుడు నువ్వేమన్నావు? "నా మొగుడు నన్నింకా వదల్లేదు, నేనెలా ఒప్పుకోను?" అన్నావు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చావు. కోర్టుకెళ్దామంటే ఆ మెట్లెక్కనన్నావు. అందుకే నాన్న దగ్గరికి నేనే వెళ్ళి, నిన్ను వదిలేసినట్టు కాగితం రాయించుకుందామనుకున్నాను. నన్ను తొమ్మిదేళ్ళప్పుడు వదిలి వెళ్ళిన మనిషిని పద్దెనిమిదేళ్ళ తర్వాత అడగబోయేది అదొక్కటే.

తీరా శనివారం అఖబాలో ఓడ దిగాక నా ధైర్యమంతా ఏమైందో తెలియదు. వాకబు చేసుకుంటూ ఆయన ఉండే వీధి మొదటిదాకా వెళ్ళాను. అక్కడొక ఆవిడ బట్టలు ఆరేస్తోంది. ఎవరు కావాలని అడిగింది. బస్టాండ్ ఎటని అడిగి, దొరికిన బస్సెక్కి ఈ కొండల్లోకి పారిపోయి వచ్చాను. మూడు రోజులుగా ఇక్కడే తిరుగుతున్నాను. రాత్రి నిద్ర లేదు, పగలు కుదురు లేదు.

సత్రంలో ఇద్దరు పరిచయమయ్యారు. బోజెనా అని పోలెండు నర్సు, ఏడాదికొకసారి సంచీ తగిలించుకుని దేశాల మీద పడుతుంది. అరబ్బీ మనకంటే శుద్ధంగా మాట్లాడుతుంది. రెండోవాడు హిషెమ్, ట్యూనిస్ కుర్రాడు. నన్ను చూడగానే, "ఇంట్లో పిరమిడ్లు పెట్టుకుని ఈ రాళ్ళ కోసం వచ్చావా ఈజిప్టు పిల్లా?" అన్నాడు. "మీ ఊళ్ళో సముద్రం ఎండిపోయిందా, ఎడారికొచ్చావు?" అన్నాను. అక్కడితో స్నేహం కుదిరింది.

ఈ రోజు ముగ్గురం తెల్లారేసరికి లోయలో ఉన్నాం. కొండను తొలిచి కట్టిన ఖజానా ముందు బోజెనా కన్నీళ్ళు పెట్టుకుంది. నేను వాచీ చూసుకున్నాను. ఎనిమిది వందల మెట్లెక్కి మఠం దగ్గరికి చేరాక వాళ్ళిద్దరూ నోళ్ళు తెరుచుకుని నిలబడితే, నేను టీ అమ్మే అతన్ని అఖబా ఎటువైపని అడుగుతున్నాను.

"నీ కాళ్ళ కింద నిప్పులేమైనా ఉన్నాయా? ఒక్క నిమిషం కూర్చోవే," అంది బోజెనా.

"అప్పులాళ్ళు తరుముతున్నట్టున్నారు," అన్నాడు హిషెమ్.

నవ్వేశాను. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది కానీ చెప్పలేదు. కొండ మీద మొగుణ్ణో ప్రియుణ్ణో తలుచుకుని ఏడ్చే ఆడవాళ్ళను వాళ్ళు చాలామందిని చూసి ఉంటారు. అమ్మకి విడాకులిప్పించడానికి వచ్చిన కూతురంటే నమ్ముతారా?

దిగేటప్పుడు దారి పక్క గుడారంలోంచి ఒక ముసలాయన కేకేసి పిలిచాడు. పేరు అబూ నాయిఫ్. లోపల మరో ముగ్గురు పెద్దమనుషులున్నారు. పిడికిట్లో ఇమిడిపోయే కప్పుల్లో కాఫీ పోసిచ్చాడు. పెదవికి తగలగానే తెలిసింది, ఒక్క పలుకు చక్కెర లేదు. అమ్మా, చేదు కాఫీ మనం ఎక్కడ తాగుతాం? చావింట్లో. తాతయ్య పోయినప్పుడు తాగాను, మళ్ళీ ముట్టలేదు. రేపో ఎల్లుండో ఒక మంచి పని అడగబోతూ ఈ అపశకునం ఎందుకని, కప్పు మెల్లగా చాప మీద పెట్టేశాను.

ఆ ముసలాళ్ళు కూడా తమ కప్పులు కింద పెట్టేశారు. బోజెనా పెట్టి ఉంటే పరాయి దేశపు మనిషి తెలియక పెట్టిందనుకునేవారు. నేను వాళ్ళ మాట మాట్లాడేదాన్నిగా.

"చెప్పు తల్లీ, ఏం కావాలో అడుగు," అన్నాడు అబూ నాయిఫ్.

"ఏమీ వద్దండీ. చక్కెర లేదని..."

"ఈ గుడారంలో ఊరికే ఎవరూ కప్పు కింద పెట్టరు. మా దగ్గర కప్పు కింద పెట్టారంటే పనుండి వచ్చారని. అడిగింది ఇస్తేనే తాగుతారు. ఇంటాయన కాదనడానికి లేదు. సిగ్గుపడకుండా చెప్పు."

హిషెమ్ నా చెవిలో, "ఒంటె అడుగు, ఒంటె అడుగు," అంటున్నాడు.

ఆ క్షణాన ఏమైందో తెలియదు. పద్దెనిమిదేళ్ళ ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. అంతా చెప్పేశాను. "ఆ గుమ్మం ఒక్కదాన్నే ఎక్కలేకపోతున్నాను, నాతో ఎవరైనా రండి," అన్నాను.

అబూ నాయిఫ్ గడ్డం నిమురుకుని, "ఇంతేనా? నీ కాఫీ తాగు. అడిగింది ఇచ్చినట్టే. రేపు పొద్దున్నే నలుగురం వస్తాం," అన్నాడు.

"పిల్లనడగడానికి పెద్దలు వెళ్తారని తెలుసు, విడాకులడగడానికి కూడా వెళ్తారా? నేనూ వస్తా!" అన్నాడు హిషెమ్.

"పెద్దలని చెప్తుంటే నువ్వెందుకురా? ముందు గడ్డం రానివ్వు," అన్నాడాయన.

ఆ చేదు కాఫీ ఒక్క గుక్కలో తాగేశాను. నా మీద కోపం తెచ్చుకోకు. నీ కోసమే వెళ్తున్నాను.

నీ ఇనాస్


అఖబా,
బుధవారం సాయంత్రం

అమ్మా,

నిన్నటి ఉత్తరం ఇంకా సంచీలోనే ఉంది. రెండూ కలిపి పంపిస్తున్నాను. ముందు అది చదివి, తర్వాతే ఇది చదువు.

వెళ్ళాం. నలుగురు పెద్దమనుషులు ఇస్త్రీ బట్టల్లో, వాళ్ళ వెనక నేను. తలుపు తీసిన మనిషికి జుట్టు నెరిసింది, ముందు పన్ను ఒకటి లేదు. నన్ను చూసి గుమ్మం పట్టుకున్నాడు. పేరు చెప్పకుండానే గుర్తుపట్టాడు. కాఫీ తెచ్చాడు, సగం పళ్ళెంలోనే ఒలికింది. నలుగురూ కప్పులు కింద పెట్టారు.

"ఈ పిల్ల తల్లిని నీ పేరు నుంచి విడిపించు. అందుకే వచ్చాం," అన్నాడు అబూ నాయిఫ్.

నాన్న అయోమయంగా అందరి ముఖాలూ చూశాడు. "విడిపించి ఎనిమిదేళ్ళయిందండీ," అన్నాడు.

అబద్ధమని అరిచాను. ఏళ్ళ తరబడి అనాలనుకున్నవన్నీ అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చాడు. విడాకుల కాగితం నకలు, అది నీకు అందినట్టు పోస్టాఫీసు రసీదు. దాని మీద నీ సంతకం. నూన్ అక్షరం లోపల చుక్క మరీ కిందికి పెట్టేది మన ఊరు మొత్తంలో నువ్వొక్కదానివే.

ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. చివరికి అబూ నాయిఫ్ ఇబ్బందిగా, "తల్లీ, నువ్వడిగింది దొరికిందా లేదా? మేం తాగొచ్చా?" అన్నాడు. దొరికిందన్నాను. పాపం, చల్లారిన కాఫీ తాగారు.

మొదటి పదేళ్ళ కోపం నాన్న మీదే. అది ఆయన దగ్గరే వదిలి వచ్చాను, తీసుకోమన్నాను, తీసుకున్నాడు. తర్వాతి ఎనిమిదేళ్ళ కోపం ఎవరి మీద పెట్టుకోను? మధ్యాహ్నం నుంచి ఈ సముద్రం ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ నిన్ను తిడుతూనే ఉన్నాను.

తిట్టి తిట్టి అలిసిపోయాక అర్థమైంది. మొగుడు దూరదేశంలో ఉన్నాడంటే ఆ ఇంటికి గడియ వేసి ఉన్నట్టే. విడాకులైందంటే దారిన పోయేవాళ్ళంతా తలుపు తడతారు. నువ్వు ఆయన కోసం ఎదురుచూడలేదు, ఆయన పేరు వెనక దాక్కున్నావు. నాతోనైనా ఒక్కసారి చెప్పి ఉంటే కలిసే దాక్కునేవాళ్ళం. అదే నాకు నొప్పిగా ఉంది.

ఆదివారం ఓడకి వస్తున్నాను. ఈలోపు షెహాతా మేస్త్రీకి జవాబు చెప్పు. సరేనన్నా నాకు సంతోషమే. నాకు ఇష్టం లేదు పొమ్మన్నా సంతోషమే, ఆయన బాధపడితే పడనీ. కానీ ఇష్టం లేదని నీ నోటితో చెప్పు. నా మొగుడు వదల్లేదని మాత్రం ఇంకెప్పుడూ అనకు.

నీ కూతురు,
ఇనాస్