బిజిలీ ఆగిన గడపలు

6 నవంబర్ 2025, గురువారం
నాలా పక్కన వాకింగ్ ట్రాక్ వేస్తున్నరు. చెట్లు, బెంచీలు, లైట్లు, అన్నీ. మా గౌలిపుర నుంచి మాత్రం గేటు లేదు. గేటు రావాల్సిన చోట ఫంక్షన్ హాల్ గోడ ఉంది. ట్రాక్ మీద కాలు పెట్టాలంటే మేము రెండు కిలోమీటర్లు చుట్టు తిరగాలె.

ఆ గోడ ఉన్నచోట మా బర్రెల బాట ఉండేదని బాపు తొమ్మిదేండ్ల నుంచి మొత్తుకుంటున్నడు. రోజూ పాలపని అయినంక మా పదకొండు బర్రెలు ఆ బాటనే నాలాకు దిగేవి. గోడ లేచింది, బర్రెలు పోయినయి, బిజిలీ అనే బర్రె ఒక్కతే మిగిలింది. హాల్ ఓనర్ నలుగురిలో బాపును కాగితం చూపించమన్నడు. బాపు లేదంటే అబద్ధాలకోరు అన్నడు. ఆ రోజు నుంచి బాపు ఆ దిక్కు పోలేదు.

7 నవంబర్
యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌లో టికెట్ బుకింగ్ డ్యూటీ దిగి, ట్రాక్ పని చూసే ఇంజనీర్ కేశవ్ సార్ దగ్గరికి పోయిన. మర్యాదస్తుడే. రికార్డులో బాట లేదట. ఆదివారం ఆఖరి ఇన్‌స్పెక్షన్, ఆ తర్వాత ప్లాన్ ఫైనల్ అట. ప్రూఫ్ తెమ్మన్నడు.

బర్రెలు దస్తఖత్ పెడతయా సార్ అని నోటిదాకా వచ్చింది. మింగేసిన.

8 నవంబర్
మనిషి మరుస్తడు గని బర్రె మరువదంటున్నడు బాపు. రేపు సార్ ముందర బిజిలీని విప్పుతడట. తొమ్మిదేండ్లు ఆ దారి చూడని బర్రె. నవ్వులపాలైతే ఈసారి బాపు మంచం పడతడు. నాకు మస్తు భయమైతుంది.

9 నవంబర్, ఆదివారం, పొద్దున 6.10
సార్ వచ్చిండు. విప్పుతున్నం.

అదే రోజు, 11 గంటలు
ఇప్పుడే ఇల్లు చేరినం. మరువకముందే రాయాలె.

బిజిలీ నేరుగా నాలా దిక్కు పోతుందనుకున్న. పోలేదు. మా సందులోనే సూర్యప్రభ టీచర్ ఇంటి ముందర ఆగింది. బాపు అదిలిస్తే కూడా కదలదు. సార్ గడియారం చూసుకున్నడు. స్కూటర్ మీద వచ్చిన హాల్ ఓనర్ నవ్విండు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు యాదికొచ్చింది. ఆ రోజుల్లో బర్రెలను గడప గడపకు తోలుకపోయి కళ్లముందరే పాలు పిండిపోసేవాళ్లం, నీళ్లు కలిపిన్రనే మాట రాకుండా. బిజిలీ తన డ్యూటీ చేస్తుంది. మరిచింది మేమే.

టీచరమ్మ తలుపు తీసి చూసింది. లోపలికి పోయి గిన్నె పట్టుకొచ్చింది. బాపు గొంతుక్కూర్చొని, ఇంజనీర్ చూస్తుండంగనే పాలు పిండిపోసిండు. బర్రెలు ఇక్కడి నుంచి ఎటు పోయేవో టీచరమ్మే సార్‌కు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, చెప్పులేసుకొని మా వెంట బయలుదేరింది.

తర్వాత సామ్యూల్ అంకుల్ గడప. తర్వాత ఎల్లమ్మ వాళ్లది. మొత్తం ఏడు గడపలు, ఒక్కటి తప్పలేదు. ప్రతి గడప నుంచి మనుషులు దిగి కలిసిన్రు. ఆఖరుకు సందంతా బోనాల నాడు ఉన్నట్టే ఉంది.

బిజిలీ గోడ దాకా పోయి తల ఆనించి నిలబడ్డది. గోడ పక్కన మూలకు ఒక పాత రాయి ఉంది. పోయి దానికి ఒళ్లు రుద్దుకుంది. సరిగ్గా బర్రె పొట్ట ఎత్తున ఆ రాయి అద్దంలెక్క నున్నగుంది. సార్ చెయ్యి పెట్టి చూసిండు. చాలాసేపు తియ్యలేదు. ఫోటోలు తీసుకున్నడు, అక్కడున్న అందరి సంతకాలు తీసుకున్నడు. సర్వే అయ్యేదాకా ప్లాన్ ఆపుతనన్నడు.

అందరికంటే ముందు సంతకం బాపుది. హాల్ ఓనర్ స్కూటర్ ఎప్పుడు పోయిందో చూడలేదు.

12 డిసెంబర్
సర్వేలో బాట తేలింది. గోడ కూలగొడుతుంటే చూడటానికి బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయిండు. నేను లీవ్ పెట్టిన.

8 ఫిబ్రవరి 2026, పొద్దున 6.30
మన గేటు తెరిచిన్రు, ఒక్క తలుపే. పశువులకు ప్రవేశం లేదని బోర్డుంది. మా వెంట బిజిలీని చూసి వాచ్‌మన్ గట్టిగా చదివి వినిపించిండు. బిజిలీకి చదువు రాదన్నడు బాపు. వాచ్‌మన్ లొల్లి చెయ్యబోయి మా వెనక చూసిండు. టీచరమ్మ గిన్నె పట్టుకొని నిలబడింది. ఆమె వెనక ఇంకో ఆరు గిన్నెలు.

వాచ్‌మన్ గేటు రెండో తలుపు కూడా తీసిండు.