వాగు అవతలి రాయి

పాదిరిగారూ,

మీరు అచ్చు వేయించిన మన పారిష్ చరిత్ర ఆసాంతం చదివాను. అట్ట దిట్టంగా ఉంది. దొరగారి వంశం వారి ముక్కుల తీరు మీదే పదకొండు పేజీలు రాశారు, పాపం ఎంత శ్రమపడ్డారో! మా ఊసు ఎక్కడా లేదు గానీ, వాగు అవతలి మా పశువుల బీడును మాత్రం ఒక్క వాక్యంతో ఊడ్చేశారు. పారిష్ హద్దు, అంటే మన చర్చి కింది ఊరి నేల హద్దు, వాగేనట!

ఆ వాక్యం చూపించి దొరగారు నిన్న వాగు వెంట కంచె వేయించారు. పాలమ్ముకునే టాబిథా ఆవును వెనక్కి తోలుకొచ్చి, "తాతా, అవతలి గడ్డి మనది కాదంట. ఇక నా ఆవుకి పాదిరిగారి పుస్తకమే మేపమంటారేమో అడుగు!" అంది.

మీ సాక్ష్యం దొరగారి సొరుగులోని ఊరి హద్దుల పటం. నా సాక్ష్యం నా వీపు. మోటు ఆచారమని మీరు మానిపించారు గానీ, ఏటా ఊరంతా కలిసి పారిష్ హద్దుల వెంట తిరిగేవాళ్లం. ప్రతి హద్దురాయి దగ్గరా ఒక పిల్లాణ్ణి కొడితే, వాడు బతికినన్నాళ్లూ ఆ చోటు మరిచిపోడని. వాగు అవతల ఓక్ చెట్టు కింది రాయి నా వంతు. నాకప్పుడు ఏడేళ్లు. తలకిందులుగా ఎత్తి నా తల దానికి మోదారు, బెత్తంతో వాయించారు. "గుర్తుంచుకోరా, పారిష్ ఇక్కడిదాకా!" అంటూ కొట్టింది ఎవరనుకున్నారు? ఈ దొరగారి నాన్నగారే.

గురువారం మళ్లీ హద్దులు తిరుగుతున్నాం. మీరు పుస్తకం తెండి. బెత్తం నేను కోసుకొస్తాను. ఈసారి ఆ రాయి దగ్గర వంతు మీది.

ఇట్లు,
మీ చర్చి పెరట్లో సమాధి గోతులు తవ్వే ముసలాడు